బిషప్ అజరయ్య గారి జీవితం: వ్యాసంలో ఈ వాక్యాలు నిలుస్తాయా?

రాతపని అన్న కలంపేరుతో ఒకరు అడిగారు:

ఆగస్టు 17 డోర్నకల్ బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య గారి పుట్టినరోజు. ఆ రోజు పంచడానికి ఎనిమిది పేజీల చిన్న పుస్తకం తయారవుతోంది. తెలుగులో దొరికే కరపత్రాలు చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టున్నాయి. ఒకచోట దొర్లిన తప్పే అన్నిచోట్లా కనిపిస్తోంది. అచ్చుకు వెళ్లే ముందు ఈ వాక్యాల్లో ఏది ఉంచాలో, ఏది కొట్టేయాలో తెలిసినవారు చెప్పండి.

“భారతదేశపు మొట్టమొదటి బిషప్.”
“వేదనాయగం వారి ఇంట జన్మించారు.”
“కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య పూర్తిచేశారు.”
“1912 నుంచి కృష్ణా, కర్నూలు, కడప జిల్లాలన్నిటికీ బిషప్‌గా ఉన్నారు.”
“సి.ఎస్.ఐ. తొలి బిషప్పుల్లో ఒకరు.”

ఇంకో సందేహం. ఆర్డినేషన్ (గురువుగా అభిషేకం) 1909లో అంటారు, బిషప్ అయింది 1912లో. మూడేళ్లకే బిషప్ కావడానికి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘపు) నియమాలు ఒప్పుకుంటాయా? పైగా మద్రాసు, బెజవాడ, బందరు లాంటి పెద్ద ఊళ్లుండగా పీఠం డోర్నకల్‌లో ఎందుకు పెట్టారు?

సంఘచరిత్ర:

వరసగా చూద్దాం. మీ అయిదు వాక్యాల్లో ఒక్కటీ ఉన్నదున్నట్టుగా నిలవదండి. చాలావరకు చిన్న దిద్దుబాట్లే.

“మొట్టమొదటి బిషప్” అన్నచోట “మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్” అని రాయండి. కేరళలోని సిరియన్ సంఘాలకు అంతకు ఎంతో ముందునుంచే మలయాళీ బిషప్పులున్నారు. “ఆంగ్లికన్” అన్న ఒక్క మాట వదిలేస్తే ఆ చరిత్రంతా లేనట్టే అవుతుంది. “యూరప్ వెలుపలివారిలో తొలి ఆంగ్లికన్ బిషప్” అని కూడా రాయొద్దు, కొన్ని కరపత్రాల్లో అదీ ఉంది. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన శామ్యూల్ క్రౌథర్ 1864లోనే కాంటర్బరీలో బిషప్ అయ్యారు.

పేరు సంగతి. ఇది తెలుగువాళ్లం ప్రత్యేకంగా చేసే తప్పు. మనకు ముందు వచ్చేది ఇంటిపేరు గనక “వేదనాయగం” చూడగానే ఇంటిపేరు అనుకుంటాం. తమిళనాట ఆ చోటు తండ్రి పేరుది. తండ్రి థామస్ వేదనాయగం గారు తిరునెల్వేలి ప్రాంతంలో గ్రామ సంఘాల గురువు, తల్లి ఎల్లెన్. కొడుకు పేరు శామ్యూల్ అజరయ్య. కాబట్టి “వేదనాయగం వారి ఇంట” అంటే ఒక వంశం పేరులా వినిపిస్తుంది. “థామస్ వేదనాయగం, ఎల్లెన్ దంపతులకు 1874 ఆగస్టు 17న వెల్లాళన్‌విళైలో పుట్టారు” అంటే సరిపోతుంది. నాడార్ కులం, తండ్రి కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం. ఈ సంగతి దాచొద్దు. కులం గురించి ఆయన తర్వాత తీసుకున్న వైఖరులన్నీ దీన్నిబట్టే అర్థమవుతాయి.

కేంబ్రిడ్జ్ వాక్యం పూర్తిగా తీసేయండి. ఆయన చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, గణితం. డిగ్రీ చేతికి రాలేదు. 1920లో కేంబ్రిడ్జ్ ఇచ్చిన ఎల్.ఎల్.డి. గౌరవ పట్టా. పేరు పక్కన ఆ అక్షరాలు చూసి ఎవరో చదువుగా మార్చేశారు. అసలు సంగతే ఎక్కువ గౌరవం తెచ్చేది, డిగ్రీ లేని మనిషికి కేంబ్రిడ్జ్ తనంతట తాను పట్టా ఇచ్చింది.

జిల్లాల వాక్యంలో ఏడాది తప్పింది. 1912లో ఆయన చేతికొచ్చిన డోర్నకల్ డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) చాలా చిన్నది, నిజాం రాజ్యపు ఆగ్నేయ మూల మాత్రమే. కృష్ణా వైపు సి.ఎం.ఎస్. సంఘాలు, కర్నూలు, కడప వైపు ఎస్.పి.జి. సంఘాలు (రెండూ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆంగ్లికన్ మిషనరీ సొసైటీలు) అప్పుడు మద్రాసు బిషప్ కిందే ఉన్నాయి. అవి డోర్నకల్‌లో కలిసింది 1920 తర్వాతి ఏర్పాటులో. కాబట్టి “1912లో చిన్న ప్రాంతం, 1920ల తొలినాళ్ల నుంచి తెలుగు ఆంగ్లికన్ సంఘాల్లో అత్యధిక భాగం” అని రెండు దశలుగా విడదీసి రాయండి.

ఇక సి.ఎస్.ఐ., అంటే వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. దాని ఆవిర్భావం 1947 సెప్టెంబరు 27, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో. అజరయ్య గారు కన్నుమూసింది 1945 జనవరి 1, డోర్నకల్‌లోనే. ఆ ఐక్యత కోసం పాతికేళ్లు పాటుపడ్డారు, చూడకుండానే వెళ్లిపోయారు. సి.ఎస్.ఐ. బిషప్పుల జాబితాలో ఆయన పేరు పెట్టడానికి వీల్లేదు.

ఆరాధన క్రమం:

మూడేళ్ల ప్రశ్నకు జవాబు ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోనే ఉంది. 1662 క్రమం ప్రకారం డీకన్‌కు (గురువు కావడానికి ముందు మెట్టు) 23 ఏళ్లు, ప్రీస్టుకు (గురువుకు) 24, బిషప్‌కు 30 నిండాలి. ప్రీస్టుగా ఇన్నేళ్లు చేస్తేనే బిషప్ కావాలన్న లెక్క అందులో లేదు. డీకన్‌గా మామూలుగా ఏడాది ఉండాలి, తగిన కారణముంటే బిషప్ ఆ గడువు తగ్గించవచ్చు. అజరయ్య గారికి డీకన్, ప్రీస్టు రెండు ఆర్డినేషన్లూ 1909లోనే అయ్యాయి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం జరిగేనాటికి వయసు 38. నియమాలు ఎక్కడా అడ్డు రాలేదు.

మూడేళ్ల వేగం అని తేల్చేస్తే మాత్రం అంతకు ముందు జరిగిందంతా చెరిగిపోతుంది. 1895 నుంచి 1909 దాకా ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శి. దక్షిణ భారతమంతా తిరిగారు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 డిసెంబరు 25న సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టాయి. రెండింటి స్థాపనలోనూ ఆయన ముందున్నారు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమావేశానికి వెళ్లొచ్చారు. గురువుగా కొత్తవారే గానీ సంస్థలు నడపడంలో పండిపోయిన మనిషి. మీ పుస్తకంలో ఆ పద్నాలుగేళ్లకు కనీసం ఒక పేజీ ఇవ్వండి. బిషప్‌గా ఆయన చేసిన ప్రతి పనికీ మొలక అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. అడ్డు వయసూ కాదు, అనుభవమూ కాదు. అడ్డొచ్చింది చట్టం.

ఇంగ్లండ్ సంఘం అప్పుడు ఇక్కడ కూడా ప్రభుత్వంతో ముడిపడి ఉండేది. కలకత్తా (1814), మద్రాసు (1835), బొంబాయి (1837) పీఠాలు రాజముద్ర పత్రాల మీద ఏర్పడ్డవి. ఆ బిషప్పులను నియమించేది ప్రభుత్వం, జీతమిచ్చేదీ ప్రభుత్వమే. అలాంటి పీఠం మీద భారతీయుణ్ని కూర్చోబెట్టాలంటే లండన్ దాకా వెళ్లాలి. ఒక భారతీయుడి అధికారం కింద యూరోపియన్ మిషనరీలు పనిచేయడమా అన్న అభ్యంతరం వేరే ఉంది. తిరునెల్వేలి క్రైస్తవుల్లోనే కులం పేరిట వ్యతిరేకించినవారూ ఉన్నారు. అప్పటి మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ వీటన్నిటి మధ్య దారి వెతికారు. డోర్నకల్ నిజాం రాజ్యంలో ఉంది, బ్రిటిష్ ఇండియాలో లేదు. అక్కడ కొత్త డయోసిస్ పెడితే రాజముద్ర పత్రం అవసరం రాదు. కలకత్తా మెట్రోపాలిటన్ (ఇక్కడి ఆంగ్లికన్ బిషప్పులందరికీ పెద్ద) అధికారం, సంఘం లోపలి ఒప్పందం చాలు. రాజముద్ర లేకుండా బిషప్‌ను నిలిపిన ఉదాహరణ కూడా అప్పటికే ఉంది, 1890లో ఛోటానాగ్‌పూర్. సంఘానికీ ప్రభుత్వానికీ ఉన్న ఆ ముడి 1927 చట్టంతో, 1930 మార్చి 1 నుంచి తెగిపోయింది. అంటే అజరయ్య గారు ఆ ముడి తెగడానికి పదిహేడేళ్ల ముందే దాని బయట నిలబడ్డ బిషప్. “డోర్నకల్ ఎందుకు” అన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగతా సగం పనిలో ఉంది. ఆంగ్లికన్ సంఘంలో మూడు పనులు బిషప్ చేతి మీదుగానే జరగాలి: కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవారి తల మీద చేతులుంచి విశ్వాసంలో స్థిరపరచడం), ఆర్డినేషన్, గుడి ప్రతిష్ఠ. బాప్తిస్మం గ్రామ గురువు ఇస్తారు. కానీ అప్పట్లో మామూలుగా కన్ఫర్మేషన్ కాకుండా ప్రభు రాత్రి భోజనానికి రానిచ్చేవారు కాదు. మద్రాసు బిషప్ పరిధి తమిళ దేశం నుంచి హైదరాబాదు రాజ్యం దాకా. తెలుగు పల్లెల్లో మాల, మాదిగ కుటుంబాలు ఊళ్లకు ఊళ్లుగా బాప్తిస్మం పొందుతున్న కాలం. చేతులుంచే బిషప్ రాక కోసం ఆ పల్లెలు ఎదురుచూడాలి. గురువులు చాలరు, కొత్త గురువులు కావాలన్నా బిషప్పే రావాలి. వైట్‌హెడ్‌కు కనిపించిన ఇబ్బంది ఇదీ. తెలుగు పల్లెల్లో ఉండి, ఎడ్లబండి మీద తిరగగలిగే బిషప్ ఒకరు కావాల్సి వచ్చింది.

అభిషేకం రోజు ఎలా రాయాలా అని చూస్తుంటే, 1662 క్రమం వరస ఇది. ఇద్దరు బిషప్పులు కొత్త వ్యక్తిని తీసుకొచ్చి ముందు నిలబెడతారు. అధికార పత్రం చదువుతారు. విధేయతా ప్రమాణం, ఇక్కడ కలకత్తా మెట్రోపాలిటన్‌కు. తర్వాత లితానీ (వంతులవారీగా చెప్పే ప్రార్థన), ప్రశ్నలు జవాబులు. అప్పటిదాకా రోచెట్ అనే తెల్లంగీతో ఉన్న వ్యక్తికి మిగతా బిషప్ వస్త్రాలు తొడుగుతారు. పరిశుద్ధాత్మను పిలిచే కీర్తన. మోకరించిన తల మీద బిషప్పులందరూ కలిసి చేతులుంచుతారు. కనీసం ముగ్గురు ఉండాలన్నది 325 నాటి నైసియా నియమం. ఆఖరున చేతికి బైబిల్ ఇస్తారు. 1662 పుస్తకం ప్రకారం చేతికిచ్చేది అదొక్కటే. ఉంగరం, కిరీటం, దండం ఆ క్రమంలో లేవు. “కిరీటధారణ జరిగింది” లాంటి వర్ణన పెట్టొద్దు.

మానుకోట దారి:

డోర్నకల్ గురించి నాలుగు మాటలు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, మన వాడుకలో మానుకోట. అప్పట్లో నిజాం రాజ్యం, వరంగల్ వైపు. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్లే రైలు మార్గంలో జంక్షన్, ఇక్కడినుంచే ఇల్లెందు సింగరేణి బొగ్గు వైపు దారి చీలుతుంది. తర్వాత కృష్ణా జిల్లా కలిశాక బెజవాడ వైపు రాకపోకలకు ఇది బాగా ఉపయోగపడింది. “ఎక్కడో మారుమూల పల్లె” అని కొందరు రాస్తారు. ఊరు చిన్నదే గానీ మారుమూల కాదు.

ఊరికీ ఆయనకూ సంబంధం బిషప్ అయ్యాక మొదలైంది కాదు. 1902లో ఆయన జాఫ్నా వెళ్లారు. సింహళంలోని తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమ మనుషులనే మిషనరీలుగా పంపడం అక్కడ చూశారు. తిరునెల్వేలి సంఘం వయసులోనూ సంఖ్యలోనూ పెద్దది, అయినా తనకంటూ ఒక్క మిషనరీ లేడు. ఏడాది తిరక్కుండా ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని నియమం గట్టిది: మనుషులూ భారతీయులే, డబ్బూ భారతీయులదే, నిర్వహణా భారతీయులదే. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు ఈ మానుకోట, డోర్నకల్ ప్రాంతం. తిరునెల్వేలి నుంచి వచ్చినవారికి ఇది వేరే రాజ్యం, వేరే భాష. అ, ఆ దగ్గర్నుంచి తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. అజరయ్య గారు 1909లో ఆర్డినేషన్ కాగానే వచ్చింది ఈ ప్రాంతానికే. ముప్పై అయిదేళ్ల వయసులో, అప్పటిదాకా దేశమంతా తిరిగిన కార్యదర్శి పదవి వదిలి, కొత్త భాషలో గ్రామ మిషనరీగా కూర్చున్నారు. నా లెక్కలో ఆయన జీవితంలో అతిపెద్ద అడుగు ఇదే, 1912 దానికి కొనసాగింపు. మీ పుస్తకంలో ఈ వరస తారుమారు కాకుండా చూడండి. “బిషప్‌గా నియమించి డోర్నకల్ పంపారు” అని రాస్తే కథ తలకిందులవుతుంది.

కెథడ్రల్ విషయంలో జరిగే పొరపాటు ఇంకొకటి. మెదక్ చర్చినీ డోర్నకల్ కెథడ్రల్‌నూ కలిపేసి రెండూ ఆంగ్లికన్ కట్టడాలని రాస్తారు. మెదక్‌ది వెస్లియన్ మెథడిస్టు మిషన్. మిషనరీ పోస్నెట్ గారి కాలంలో కట్టారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు, గోథిక్ పద్ధతి. అది సి.ఎస్.ఐ. కెథడ్రల్ అయింది 1947 తర్వాత. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6. ఆ తేదీ ఊరికే కుదిరింది కాదు. ఎపిఫనీ అంటే తూర్పు జ్ఞానులు శిశువును చూడవచ్చిన పండుగ, అది జనవరి 6నే వస్తుంది. అన్యజనులకు వెలుగు కనిపించిన రోజు. గుడికి ఆ పేరు పెట్టడంలోనే ఆయన ఉద్దేశం తెలుస్తుంది.

కట్టడాన్ని వర్ణించేటప్పుడు “విదేశీ శైలిలో అద్భుతంగా” అనే అలవాటు మాట పెట్టకండి, ఆయన తపనకు అది సరిగ్గా ఎదురు. పైన మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, మినార్లు. లోపల దక్షిణాది గుళ్లలోని మంటపంలా స్తంభాల వరస. నిజాం రాజ్యంలో, తెలుగు దేశంలో, క్రైస్తవ ఆరాధన కోసం. పల్లె నుంచి మొదటిసారి వచ్చిన కూలి కుటుంబానికి ఇది పరాయివాళ్ల గుడి అనిపించకూడదన్నదే ఆలోచన. నిర్మాణం చాలా ఏళ్లు సాగింది, డబ్బు చేతికొచ్చిన కొద్దీ లేచింది.

రాతపని:

చాలా సాయం చేశారు. ఇంకో మూడు అడుగుతాను. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగంలోని “మాకు స్నేహితులను ఇవ్వండి” అన్న వాక్యానికి నా దగ్గర మూడు నాలుగు రకాల తెలుగు ఉంది. ఏది పెట్టాలి? పల్లెల్లో ఆయన పని గురించి “విశేష సేవ చేశారు” అని తప్ప ముసాయిదాలో ఏమీ లేదు, ఆ ఖాళీలో ఏం రాయొచ్చు? నంద్యాల సంఘాలు ఐక్యతలో చేరలేదంటారు, అది నిజమేనా?

సంఘచరిత్ర:

ఎడిన్‌బరో వాక్యానికి కొత్తగా అనువాదం చేయొద్దు. ఆయన అక్కడ మాట్లాడింది 1 కొరింథీయులు 13:3ను మనసులో పెట్టుకుని. బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి మీ శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆ మాటల సారం. తెలుగు బైబిల్లో ఆ వచనం “బీదల పోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను, కాల్చబడుటకు నా శరీరమును అప్పగించినను” అని ఉంది. మీ అనువాదంలో “బీదల పోషణకొరకు”, “కాల్చబడుటకు” అన్న ఈ మాటలే వాడండి. చదివేవారికి ఆ అధ్యాయం వెంటనే గుర్తొస్తుంది. “ప్రేమలేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు” అన్న తరువాయి వాళ్ల నోటికే వస్తుంది. ఆ రోజు వింటున్న మిషనరీలకు గుచ్చుకున్నదీ ఆ తరువాయే. ఆయన దాన్ని పలకలేదు, పలకాల్సిన అవసరం లేకపోయింది.

సందర్భం కూడా ఒక వాక్యంలో చెప్పండి. ఆ మహాసభకు వచ్చిన సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావాసులు చాలా కొద్దిమంది. ఆయన మాట్లాడమన్న అంశం విదేశీ మిషనరీలకూ స్థానిక పనివారికీ మధ్య సహకారం. ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోరు, ఒకరింట ఒకరు భోంచేయరు, జీతమిచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న వరస తప్ప స్నేహం లేదు అన్నది ఆయన ఫిర్యాదు. అప్పటికి ఆయన బిషప్ కూడా కాదు, ఆర్డినేషన్ అయి ఏడాది. “బిషప్ అజరయ్య ఎడిన్‌బరోలో” అని బొమ్మ కింద రాస్తారు చూడండి, 1910కి అది తప్పు. “రెవరెండ్” అనాలి.

ఆరాధన క్రమం:

పల్లె పని గురించి. “విశేష సేవ” తీసేసి, ఒక పల్లెలో బిషప్ రాక ఎలా ఉంటుందో చూపించండి.

పల్లెలో సంఘాన్ని రోజూ నడిపేది ఉపదేశకుడు, అంటే టీచరుగారు. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన. రాత్రే ఎందుకంటే పగలంతా వాళ్లు కూలికి పోతారు, దీపాలు పెట్టాకే మనుషులు దొరుకుతారు. బాప్తిస్మానికి ముందు కనీసం మూడు కంఠతా రావాలి: పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు. చదువు రానివారికి ఇవి పాటగా, వంతపాటగా చెప్పించడమే దారి. ఇక్కడే పని చెడే అవకాశం ఉంది. ఊరంతా ఒక్కసారి వస్తామన్నప్పుడు తొందరపడి బాప్తిస్మం ఇచ్చి, తర్వాత నేర్పేవాడు లేకపోతే రెండేళ్లలో పాత జాతరలు, పాత తాగుడు తిరిగొస్తాయి. అజరయ్య గారు టీచర్ల శిక్షణ మీద, వాళ్ల భార్యలకూ చదువు చెప్పించడం మీద అంత పట్టుబట్టింది అందుకే. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1898లో పెళ్లి, కట్నం లేకుండా. డోర్నకల్‌లో స్త్రీల పనిలో ఆమె చెయ్యి పెద్దది. మీ ఎనిమిది పేజీల్లో ఆమె పేరు లేకపోతే అది లోటే.

ఒక దృశ్యం తప్పక పెట్టండి. కొత్తగా బాప్తిస్మం పొందినవారిని ఆయన తమ చేతిని తమ తల మీదే పెట్టుకోమనేవారు. బాప్తిస్మపు నీళ్లు పడ్డ తల అది. అలా చెయ్యి పెట్టుకుని తన వెంట చెప్పించేవారు: నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ని, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ. రెండో సగం 1 కొరింథీయులు 9:16. పౌలు అపొస్తలుడు తన గురించి చెప్పుకున్న మాటను, ముందురోజు దాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి తన గురించి చెప్పుకుంటాడు. డోర్నకల్ సంఘం ఎలా పెరిగిందో దీనిలో ఉంది. ప్రచారం జీతగాళ్ల పని మాత్రమే కాదని మొదటి రోజే ప్రతి మనిషికీ వాళ్ల నోటితోనే చెప్పించారు. 1940ల తొలినాళ్లకు డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

డబ్బు విషయం కూడా వదలొద్దు. ఎంత పేదవాడైనా ఇవ్వాలన్నది ఆయన పట్టు. ఇవ్వడం లేని సంఘం ఎప్పటికీ మిషన్ కాంపౌండు మీద ఆధారపడే ఉంటుందన్నది కారణం. నగదు లేనివారికి దారి పిడికెడు బియ్యం: పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం. ఇంకోటి పంట పండుగ. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి అర్పించి వేలం వేయడం. తెలుగు సంఘాల్లో ఇవి ఇప్పటికీ నడుస్తున్నాయి గనక చదివేవారికి వివరించనక్కర్లేదు, పేరు చెబితే చాలు.

మాల, మాదిగ మధ్య అంతరం సంఘంలోకి కూడా వచ్చింది. వేరే వరసల్లో కూర్చోవడం, ప్రభు రాత్రి భోజనపు గిన్నె దగ్గర వెనకాడటం. ఒకే గిన్నె, ఒకే చాప అన్న దగ్గర ఆయన మెత్తబడలేదు. “కుల భేదాలు లేకుండా చేశారు” అని మాత్రం రాయకండి, అది నిజం కాదు, ఆయన పోరాటాన్ని చిన్నబుచ్చుతుంది కూడా. “పట్టుబట్టారు” అనడం సరైన మాట.

మానుకోట దారి:

రాజకీయం గురించి రెండు వాక్యాలైనా ఉండాలి, లేకపోతే ఆయన కాలం కనబడదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే ఆయన వద్దన్నారు. ఓట్ల కోసం సంఘం ఒక కులంలా మారిపోతుందని ఆయన భయం. అదే సమయంలో, దళితుల సామూహిక మతమార్పిడిని గాంధీజీ 1930లలో విమర్శించినప్పుడు, ఆ విషయంలో వెనక్కి తగ్గలేదు. ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టండి. ఒకటే రాస్తే ఆయన్ను ఏదో ఒక పక్షానికి కట్టేసినట్టవుతుంది.

సంఘచరిత్ర:

నంద్యాల సంగతి నిజమే. దాని వెనకాల ఉన్న చిక్కు తెలిస్తేనే వాక్యం సరిగ్గా వస్తుంది.

ఐక్యతకు ఆరంభం 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడి సమావేశం. కూర్చున్నది 33 మంది, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య గారు అందులో ముందు నడిచినవారు. ఒకవైపు ఆంగ్లికన్లు, ఇంకోవైపు ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి 1908లో ఏర్పడ్డ సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి. మెథడిస్టులు తర్వాత వచ్చారు. పెళ్లి చూపుల్లో పేచీ ఎక్కడొచ్చిందంటే బిషప్ దగ్గరే. ఆంగ్లికన్లకు బిషప్ చేతుల మీదుగా ఆర్డినేషన్ కాకపోతే గురువు గురువే కాదు. మరి అప్పటిదాకా బిషప్ లేకుండా ఆర్డినేషన్ పొందిన వందలమంది పాస్టర్ల మాటేమిటి? మళ్లీ చేతులుంచితే వాళ్ల పాత సేవ చెల్లదన్నట్టే, వాళ్లు ఒప్పుకోరు. చివరికి కుదిరింది ఇది: ఉన్నవారిని ఉన్నట్టే తీసుకోవాలి, మళ్లీ ఆర్డినేషన్ అడగకూడదు. ఇకమీదట జరిగేవన్నీ బిషప్ చేతుల మీదుగానే. రెండు రకాల గురువులూ కలిసి ఉండే కాలానికి ముప్పై ఏళ్ల గడువు. ఈ ఒక్క ముడి విప్పడానికే 1919 నుంచి 1947 దాకా పట్టింది.

ఎస్.పి.జి. ఈ ఏర్పాటును ఒప్పుకోలేదు, ఐక్య సంఘానికి సాయం ఆపేసింది. నంద్యాల ప్రాంతం ఎస్.పి.జి. పెంచింది. అక్కడి సంఘాల్లో పెద్ద భాగం 1947లో బయటే ఉండిపోయింది, చాలా ఏళ్ల తర్వాత గానీ సి.ఎస్.ఐ.లోకి రాలేదు. అజరయ్య గారి సొంత డయోసిస్‌లోనే ఒక ముక్క ఆయన కన్న ఐక్యతలో చేరలేదన్నమాట. నొప్పి కలిగించే సంగతే, అయినా రాయాలి.

తేదీల్లో ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఐక్యతా పథకాన్ని ఆంగ్లికన్ జనరల్ కౌన్సిల్ ఆమోదించింది 1945 జనవరిలో. ఆయన పోయింది అదే జనవరి 1న. “ఆమోదం విని కన్నుమూశారు” అని ఎక్కడో అచ్చయింది, వరస తిరగబడింది. ఆయన తర్వాత పీఠానికి వచ్చింది అప్పటిదాకా అసిస్టెంట్ బిషప్‌గా ఉన్న ఏ.బి. ఎలియట్ గారు. 1947లో ఐక్యతలోకి డోర్నకల్‌ను తీసుకెళ్లిందీ ఆయనే.

ఆరాధన క్రమం:

పాత ఉత్తరాల నకళ్లు పుస్తకంలో వేసేటట్టయితే సంతకం చూసి తికమక పడొద్దు. ఆంగ్లికన్ బిషప్ తన పేరు తర్వాత ఇంటిపేరు రాయరు, పీఠం పేరు రాస్తారు. వైట్‌హెడ్ అయితే “హెన్రీ మద్రాస్”. అలాగే “డోర్నకల్” అని ముగిసే సంతకం కనిపిస్తే అది ఊరి పేరూ కాదు, ఉత్తరం రాసిన చోటూ కాదు, బిషప్ గారి సంతకమే. కింద వివరణ రాసేటప్పుడు 1945 జనవరి 1కి ముందుదైతే అజరయ్య గారిది, తర్వాతదైతే ఎలియట్ గారిది. తేదీ చూసి పేరు వేయండి.